ఆకు రాల్చిన నిమ్మ బతికే ఉంది



సంక్రాంతి వెళ్లి, వచ్చిన చుట్టాలు ఊళ్లకు తిరిగెళ్లాక మా నల్లజర్ల పెరళ్లలో ఏటా ఒక మాట వినిపిస్తుంది. "నిమ్మమొక్క చలికి పోయిందండీ." తొలకరికి తెచ్చి నాటిన మొక్క అది. దసరా నాటికి నడుమెత్తు పెరిగి నవనవలాడింది. ధనుర్మాసం వచ్చేసరికి ఆకు పసుపు తిరిగింది. పండగ ముగ్గులు చెరిగేలోపు ఆకంతా పాదులో రాలిపోయి, పైన ముళ్ల కట్టె ఒక్కటే నిలిచింది. ఇక ఇంటాయన గునపం అందుకుంటారు. ఆ చోట ఏ జామో, ఏ సపోటానో పెడదామనుకుంటారు.

ఆ గునపం కొన్నాళ్లు చూరులోనే ఉంచమని అడగడానికే ఈ పూట మీ ముందుకొచ్చాను.

ముందు చలి సంగతి చూద్దాం. మన మెట్టలో చలెంత? ధనుర్మాసంలో తెల్లవారుజామున 15, 16 డిగ్రీలకు దిగితేనే దుప్పటి మీద దుప్పటి వేసుకుంటాం. నిమ్మజాతి చెట్లకు సుమారు 13 డిగ్రీలకు దిగువనైతే ఎదుగుదల ఆగుతుంది. ఆగుతుందంతే, చావు రాదు. లేత నిమ్మ చలికి చావాలంటే నీరు గడ్డకట్టే స్థితి దాటి ఇంకా కిందికి పోవాలి. అలాంటి రాత్రి నల్లజర్లలో మనమెవరం చూడలేదు. నిజానికి చలికాలపు విశ్రాంతి నిమ్మకు మేలే చేస్తుంది. ఆ చల్లదనంలో, ఆ కాస్త నీటి ఎద్దడిలో కొమ్మలు నిద్రపోయి లేస్తేనే మాఘమాసంలో చెట్టు నిండా పూత వస్తుంది. తోటల వాళ్లకు తెలిసిన సంగతే ఇది.

మరి మొక్క ఎందుకు మోడైంది? ఈ సంగతి నాకు మా పెరట్లోనే తెలిసింది.

2023లో మేము ఐదు నిమ్మమొక్కలు వేశాం. మూడు పెరటి దిగువన, రెండు బావి గట్టు పక్కన ఎత్తులో. ఆ ఏడాది డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మన దగ్గర వాన వదలకుండా కురిసింది. మాది ఎర్ర ఇసుక నేల, నీరు ఇట్టే ఇంకిపోతుందన్న ధీమాతో ఉన్నాను. అయితే ఇల్లు బాగు చేయించినప్పుడు మిగిలిన మట్టీ, సిమెంటు పెళ్లలూ దిగువ గోడవారన పోయించిన సంగతి మరిచాను. నీరు పోయే దారి మూసుకుపోయింది. దిగువనున్న మూడు మొక్కల పాదుల్లో నీళ్లు మూడు రోజులు నిలిచాయి. పది రోజులు గడిచాక ఆకుల నడి ఈనె పసుపెక్కింది. ఈనె పసుపు, ఆకు ఆకుపచ్చ. చూడ్డానికి వింతగా ఉంది. నేను యూరియా వేశాను. ఇంకాస్త పసుపెక్కితే ఇంకాస్త నీళ్లు పోశాను. పండగ నాటికి ఆ మూడూ మోళ్లయ్యాయి. ఎత్తున ఉన్న రెండూ అదే చలిలో, అదే మంచులో పచ్చగా ఉన్నాయి.

మా వీధి చివర ఒక పెద్దాయన ఉన్నారు. దశాబ్దాల పాటు నిమ్మతోట చేసిన మనిషి. పెదనాన్నగారని పిలుస్తాం. ఆయన్ని తీసుకొచ్చి చూపించాను.

"చలి కొట్టిందండి పెదనాన్నగారూ" అన్నాను.

ఆయన పైకి చూడలేదు. పాదులోకి చూశారు. "చలి అయితే ఆ రెండిటినీ కొట్టదామ్మా? నీళ్లు కొట్టాయి" అన్నారు.

ఆ మాటతో నా కళ్లు కొమ్మల మీంచి వేళ్ల మీదికి మళ్లాయి. శ్రోతలకు ఈ పూట నేను చెప్పదలచిన మాట కూడా అదే. మన ప్రాంతంలో చలికాలం చెడిన నిమ్మమొక్కను నూటికి తొంభైపాళ్లు చలి చెరచదు. కార్తీకంలో, మార్గశిరంలో కురిసిన తుఫాను వాన చెరుస్తుంది. దెబ్బ వాన నాడే తగులుతుంది, అది పైకి కనబడేది చలి నాటికి. అందుకే నేరం చలి మీద పడుతుంది.

పెదనాన్నగారు ఆ రోజు చేసిన మూడు పరీక్షలు చెబుతాను. ఏ పనిముట్టూ అక్కర్లేదు.

మొదటిది ఆకు పరీక్ష. మోడుగా కనబడే మొక్కను దగ్గరగా చూడండి. ఆకులు రాలి కింద పడ్డాయా, ఎండి కొమ్మనే వేలాడుతున్నాయా? రాలిపోతే సంతోషించండి. ఆకు రాలడానికి కొమ్మ పని చెయ్యాలి. ఆకు తొడిమ మొదట్లో కొమ్మ ఒక సన్నని పొర కట్టి, ఆ ఆకును తనంతట తాను వదిలించుకుంటుంది. చచ్చిన కొమ్మకు ఆ పొర కట్టే ప్రాణం ఉండదు. అందుకే చచ్చిన కొమ్మ మీద ఆకు గోధుమరంగుకు తిరిగి, చుట్టుకుపోయి, గాలికి గలగలమంటూ నెలల తరబడి వేలాడుతుంది. ఆకు రాల్చిన కొమ్మ తన మీద బరువు దించుకుని ప్రాణం నిలుపుకుంటున్న కొమ్మ. మనం పీకేసే మొక్కల్లో ఎక్కువ ఇవే. తలుచుకుంటే బాధగా ఉంటుంది.

రెండోది గోటి పరీక్ష. చిటారు కొమ్మ నుంచి మొదలుపెట్టి జానెడుకొకచోట బెరడు మీద చిన్న గీత గీయండి. కింద ఆకుపచ్చగా, తడిగా ఉంటే అక్కడ ప్రాణం ఉంది. గోధుమరంగు, పొడి తగిలితే అక్కడికి పోయింది. ఇంకా కిందికి రండి. మా మూడు మొక్కల్లో రెండిటికి చిటారున బెత్తెడు మేర మాత్రమే ఎండింది, కింద అంతా పచ్చే. మూడోదానికి మొదట్లో తప్ప ఎక్కడా పచ్చదనం లేదు.

మూడో పరీక్ష వేరుది. మొక్కకు జానెడు దూరంలో మట్టిని వేళ్లతో కెలికి, దారప్పోగంత సన్నని పీచు వేరును పట్టుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెల్లగా లాగాలి. బతికున్న వేరు గట్టిగా, తెలుపో లేత గోధుమో రంగులో ఉంటుంది. కుళ్లిన వేరుకు పైతోలు తొడుగులా జారిపోయి, లోపలి దారం ఒక్కటే చేతిలో మిగులుతుంది. వాసన చూడండి, పులిసిన మట్టి వాసన వస్తుంది. నా చేతిలో ఆ దారం మిగిలినప్పుడు నేను వేసిన యూరియా గుర్తొచ్చింది. తాగడానికి నోరు లేని మొక్కకు నేను నీళ్లూ ఎరువూ కుమ్మరించాను.

వేళ్లకు కూడా ఊపిరి కావాలి. మట్టి రేణువుల మధ్యనున్న గాలిని వాన నీరు తోసేసి రోజుల తరబడి తానే నిలిస్తే పీచు వేళ్లు ఉక్కిరిబిక్కిరవుతాయి. సరిగ్గా ఆ సమయానికే ఫైటోఫ్తోరా అనే శిలీంధ్రం లాంటి జీవి దండెత్తుతుంది. దాని బీజాలకు ఈదడానికి తోకలుంటాయి. నిలవ నీటిలో ఈదుకుంటూ వేరు దగ్గరికి చేరతాయి. 1845లో ఐర్లండులో బంగాళాదుంప పంటను కుళ్లబెట్టి కరవు తెచ్చింది దీని జాతిదే. మన నిమ్మ, బత్తాయి తోటల్లో వేరుకుళ్లు, మొదట్లో బంక కారడం దీని పనే. నడి ఈనె పసుపెక్కిందంటే మొదలు చుట్టూ బెరడు దెబ్బతిని, ఆకులో తయారైన ఆహారం కిందికి దిగడంలేదని అర్థం. నేను ఆ గుర్తు చూసీ పోల్చుకోలేకపోయాను.

ఇప్పుడు వైద్యం. మొదటి మందు పార.

నీరు బయటికి పోయేలా జానెడు లోతు కాలువ తీయండి. మొక్క మొదట్లో పేరుకున్న మట్టిని పై వేళ్లు కనబడే దాకా చేత్తో తీసేయండి. నర్సరీ సంచిలో ఎంత లోతున ఉందో అంతకు మించి లోతుగా నాటడం మన పెరళ్లలో జరిగే పెద్ద తప్పు. గాలికి పడిపోతుందేమోనన్న భయంతో మొదట్లోకి మట్టి ఎగదోస్తాం. నిమ్మకు మొదలు పొడిగా ఉండాలి. తర్వాత రెండు వలయాలుగా పాదు చేయండి. మొదలు చుట్టూ జానెడు దూరంలో ఒక చిన్న గట్టు, దానికి ఆవల నీరు పెట్టే పాదు, దాని చుట్టూ బయటి గట్టు. నీరు ఆ రెండు గట్ల మధ్యే తిరగాలి, మొదలును తాకకూడదు. తోటల్లో బంక తెగులుకు చెప్పే పద్ధతి ఇదే. పెరటి మొక్కకు చేయడానికి పావుగంట చాలు.

మొదట్లో బంక కనబడితే పదునైన చాకుతో కుళ్లిన బెరడును పచ్చని బెరడు తగిలేదాకా చెక్కి, బోర్డో పేస్టు పూయాలి. ఇంట్లోనే చేసుకోవచ్చు. నూరు గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీటిలో, నూరు గ్రాముల సున్నం మరో అర లీటరు నీటిలో విడివిడిగా కలిపి, రెండూ మూడో పాత్రలో ఒకేసారి పోస్తూ కలపాలి. ప్లాస్టిక్ బకెట్లు, మట్టి పాత్రలు వాడండి. ఇనుప పాత్రలు పనికిరావు. కుదిరిందో లేదో చూడటానికి తోమిన ఇనుప చాకు ఒకటి అందులో ముంచి తీయండి. చాకు మీద ఎర్రని రాగి పూత తేలితే సున్నం చాల్లేదన్నమాట, ఇంకాస్త కలపండి. చాకు తెల్లగా వస్తే కుదిరినట్టే. ఫ్రాన్సులో బోర్డో ద్రాక్షతోటల తెగులుకు 1885లో మిల్లార్డే అనే శాస్త్రవేత్త వెల్లడించిన మందు ఇది. ఇన్నేళ్లకూ మన నిమ్మకు పనికొస్తూనే ఉంది. పాదులో పోయడానికి కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున కలిపి వేళ్లు తడిచేలా పోయవచ్చు.

యూరియా వద్దు. డి.ఎ.పి. వద్దు. పేడ నీళ్లు కూడా ఇప్పుడు వద్దు. జ్వరం వచ్చి లేచిన బిడ్డకు మొదటి రోజే పప్పన్నం పెడతామా? పీచు వేళ్లు మళ్లీ పుట్టేదాకా మొక్కకు కావలసింది గాలి, కొంచెం తడి, ఇంకాస్త గడువు. వేలు మట్టిలోకి రెండు కణుపుల దాకా గుచ్చి చూసి, పొడిగా ఉంటేనే నీళ్లు పోయండి. ఆకులేని మొక్క నీళ్లు చాలా తక్కువ తాగుతుంది.

ఇక కత్తెర. ఇక్కడే నేను గట్టిగా చెప్పాలి. ఎండు కొమ్మ చూసి చెయ్యి ఊరుకోదు, కత్తిరించేయాలనిపిస్తుంది. ఆగండి. ఏది చచ్చింది, ఏది నిద్రలో ఉంది అన్నది జనవరిలో మనకు పూర్తిగా తెలియదు. శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు కదా. ఆ తర్వాత రెండు మూడు వారాల్లో నేల వేడెక్కి కణుపుల్లో ఆవగింజంత ఎర్రని మొలకలు వస్తాయి. అప్పుడు మొక్క తానే గీత గీసి చూపిస్తుంది. ఆ చిగురుకు అరంగుళం పైన వాలుగా కోసి, కోతకు బోర్డో పేస్టు పూయండి.

ఇంతలో మరో ప్రమాదం ఉంది. ఆకుల నీడ పోయిన మొదలుకు ఫిబ్రవరి ఎండ సూటిగా తగులుతుంది. మన మెట్టలో ఎండ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. పడమటి వైపు బెరడు మాడి పగులుతుంది, ఆ పగుల్లోంచి మళ్లీ తెగులు దూరుతుంది. సున్నం నీళ్లు పలచగా చేసి మొదలుకూ పెద్ద కొమ్మలకూ పూయండి. పడమట నాలుగు కొబ్బరి మట్టలు పాతండి. పాదులో ఎండు గడ్డి పరవండి, మొదలుకు మాత్రం బెత్తెడు ఎడంగా.

నిజంగా చలి కొట్టిన నిమ్మ సంగతీ చెబుతాను. నాకు చెల్లెలి కూతురు ఒకతి అమెరికాలో, డాలస్‌లో ఉంటుంది. 2021 ఫిబ్రవరిలో అక్కడ పెద్ద మంచు తుఫాను వచ్చింది. 16వ తేదీన డాలస్‌లో చలి సున్నాకు దిగువ 19 డిగ్రీల దాకా పోయింది. ఏ సీజన్లో ఏ కూరగాయ దొరక్కపోయినా, నిమ్మా కరివేపాకూ పెరట్లో ఉండాలని తాపత్రయపడే పిల్ల అది. దాని నిమ్మచెట్టు నేలలో ఉంది, గ్యారేజీలోకి చేర్చడానికి వీల్లేదు. "పెద్దమ్మా, ఆకులన్నీ ఎండి వేలాడుతున్నాయే" అని వీడియోలో చూపించింది. అసలైన చలి దెబ్బ అది. ఏప్రిల్‌లో మళ్లీ ఫోను చేసి సంతోషంగా చెప్పింది, మొదట్లోంచి గుబురుగా చిగురొచ్చిందని. చూపించమన్నాను. ఒక్కో కాడకు మూడేసి ఆకులు, మారేడు దళంలా. నాకు గుండె కలుక్కుమంది. అక్కడ నిమ్మను మూడాకుల నారింజ మీద అంటు కడతారు. పైన నిమ్మ చచ్చిపోయి, కింది మొక్క లేచింది. ఆ చిగురు చెట్టవుతుంది, కాస్తుంది కూడా, కాని నోట పెట్టలేం.

అంటు మొక్కకూ విత్తు మొక్కకూ ఉన్న ఈ తేడా మనమూ తెలుసుకోవాలి. మన వైపు నిమ్మ ఎక్కువగా విత్తు మొక్క. నిమ్మ గింజలో ఒకటికి మించి పిండాలుంటాయి, వాటిలో ఎక్కువభాగం అచ్చం తల్లి పోలికే. కాబట్టి విత్తు నిమ్మ మొదలంటా ఎండి, నేల మట్టం నుంచి చిగురు వేసినా అది నిమ్మే. ఒక బలమైన రెమ్మను ఉంచి మిగతావి తీసేస్తే మళ్లీ చెట్టవుతుంది. బత్తాయి అలా కాదు. దాన్ని రంగపూర్ నిమ్మ మీదో, జంభేరి మీదో అంటు కడతారు. అంటు కట్టిన చోట చిన్న వంకర, బుడిపె ఉంటుంది. దాని కింద నుంచి వచ్చే రెమ్మలు బత్తాయి కావు. అవి వేలెడు ఉండగానే చేత్తో గిల్లేయాలి. కత్తిరిస్తే పక్కనుంచి మళ్లీ వస్తాయి.

చిగురొచ్చిందని ఊపిరి పీల్చుకున్న వారానికి మా మొక్క మీద పిట్ట రెట్టలు కనబడ్డాయి. నలుపు మీద తెలుపు మచ్చ. నీళ్లు చల్లినా పోలేదు. పుల్లతో తాకితే ఒకటి తలెత్తి, నారింజ రంగు కొమ్ములు రెండు బయటికి తీసి ఘాటైన వాసన కొట్టింది. నిమ్మ సీతాకోకచిలుక పిల్లపురుగది. పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. పెద్ద చెట్టుకు వీటితో లెక్కలేదు. పది ఆకులున్న మొక్కకు మాత్రం రెండు పురుగులు చాలు, రెండు రోజుల్లో మళ్లీ మోడు చేస్తాయి. పొద్దున్నే చేత్తో ఏరేయండి. లేత ఆకులో వెండి గీతల్లా వంకర టింకర దారులు కనబడితే ఆకు తొలిచే పురుగు. ఆకు ముడుచుకుపోతుంది. ఒకటి రెండు ఆకులైతే గిల్లేయండి, ఎక్కువైతే వేపనూనె కొట్టండి.

కొత్త ఆకులు సగం సైజుకు వచ్చాకే మేత. చివికిన పశువుల ఎరువు, వేపపిండి పాదు అంచున వేయండి. కొత్త ఆకు చిన్నదై ఈనెల మధ్య పసుపుంటే జింకు లోపం. లీటరు నీటికి జింక్ సల్ఫేట్ 5 గ్రాములు, సున్నం 6 గ్రాములు, యూరియా 10 గ్రాములు, మాంగనీసు, మెగ్నీషియం, ఫెర్రస్ సల్ఫేట్లు రెండేసి గ్రాములు, బోరాక్స్ ఒక గ్రాము కలిపి ఆకు మీద పిచికారీ చేసే పద్ధతి మన నిమ్మ రైతులందరికీ తెలిసినదే. ఆ ఏడాది పూత వస్తే తుంచేయండి. చూసి చూసి తుంచడం కష్టమే, అయినా తుంచండి.

అన్నిటినీ బతికించవచ్చని నేను అనను. గోటి గీత కింద మొదలు దాకా గోధుమరంగే తగిలి, ఏ పీచు వేరు లాగినా తోలు జారి దారమే మిగిలితే దాన్ని తీసేయాలి. మా మూడో మొక్క మే నెలలో పోయింది. ఆ గుంట ఎండకు ఎండబెట్టి, గట్టు పోసి ఎత్తు చేశాకే మరో మొక్క పెట్టాం. మిగతా రెండూ ఇప్పుడు నా తలెత్తు దాటాయి.

ఇదంతా ఒక మొక్క కోసమా అనవచ్చు. నల్లజర్ల, ద్వారకా తిరుమల, పెదవేగి, కామవరపుకోట వైపు నిమ్మ చేసే రైతులకు ఇది తోట సంగతి. ఏలూరు నిమ్మ మార్కెట్టుకు కాయ వెళ్తే అక్కడినుంచి ఉత్తరాదికి లారీలు బయల్దేరతాయి. 2022 ఏప్రిల్‌లో నిమ్మ కిలో 200 రూపాయలు దాటిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. విత్తు మొక్క కాపుకు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది. బతికే మొక్కను పీకి కొత్తది పెడితే ఆ లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఎర్రకాలువ ఒడ్డున అనంతపల్లి వైపు పల్లపు నేలల వాళ్లూ, కొల్లేరు చుట్టుపక్కల నల్లరేగడిలో పెరటి నిమ్మ పెట్టుకునే వాళ్లూ మరింత జాగ్రత్త పడాలి. అక్కడ గుంట తీసి నాటడం కంటే మోకాలెత్తు దిబ్బ పోసి దాని మీద నాటడం మేలు. కొత్తగా మొక్కలు తెచ్చుకునే వారు తిరుపతిలో రూపొందిన బాలాజీ నిమ్మను అడగండి, గజ్జి తెగులును బాగా తట్టుకుంటుంది. అనుమానం తీరకపోతే తాడేపల్లిగూడెం దగ్గర వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది, కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. గుప్పెడు పీచు వేళ్లు తడి గుడ్డలో చుట్టి, పాదు మట్టి కొంచెం, ఆకులు నాలుగు పట్టుకెళ్లి చూపించండి. ఆకులు మాత్రమే తీసుకెళ్తే జబ్బు సగమే తెలుస్తుంది.

మీ పెరట్లో ఇప్పుడు మోడైన నిమ్మ ఉంటే రేపు పొద్దున్న పాదులో ఒక బిందె నీళ్లు పోసి, ఎంతసేపట్లో ఇంకిందో చూడండి. సాయంత్రానికీ నీళ్లు నిలిచే ఉంటే ముందు కాలువ తీయండి. తర్వాత గోటితో ఒక్క గీత గీయండి. పచ్చదనం కనబడితే మే నెలాఖరు దాకా ఆ మొక్కను పీకకండి.